గోడ కడుపులో రెక్కలు

మా వదిన దర్యాప్తుకి వెళ్ళినచోట ముందు మనుషుల్ని పలకరించదు, గోడల్ని పలకరిస్తుంది. ఆ రోజు పొద్దున్న కూడా అంతే. గదిలో ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, అనుమానితుడు ఉన్నాడు, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన ఆ ఇంటి కూతురు ఉంది. వదిన ఎవరికీ నమస్కారం పెట్టకుండా తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి వేలి కణుపుతో టకటకా కొట్టింది. గోడ డొల్లగా పలికింది.

"జిప్సమ్ బోర్డు. ఫొటో తియ్యండి మరిదిగారూ," అంది.

నేను పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ని. ముహూర్తాలు లేని రోజుల్లో వదిన వెనకాల తిరుగుతూ గోడల ఫొటోలు తీస్తుంటాను. గోడలే నయం, నవ్వమని బతిమాలక్కర్లేదు.

ఆ గది త్రాసులు బాగుచేసే పెద్దాయనది. అందరూ ఆయన్ని కాటా తాత అంటారు. మూడు రోజుల కిందట ఆయన ఎప్పటిలాగే పనిబల్ల ముందు కూర్చుని, నెత్తి మీదున్న గోడ అలమర తలుపు తెరిచాడు. లోపలున్న ఇనప తూనికరాళ్ళతో సహా అలమర ఆయన మీద పడింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. స్పృహ వచ్చినట్టే వచ్చి పోతోంది. వచ్చినప్పుడల్లా అంటున్నది ఒకే మాట, "మళ్ళీ నేనే" అని.

ఆ మాట భరించలేకే కూతురు మా దగ్గరికొచ్చింది. తండ్రి కొట్టులో త్రాసులు సరిచూసేది ఆ అమ్మాయే. "నాన్న బతుకుతాడో లేదో డాక్టర్లు చూసుకుంటారు. తప్పు ఆయనదా కాదా అన్నది మాత్రం మీరే తేల్చాలి అక్కా. ఆయనకి మాట వినబడుతుండగానే నేను ఆ సంగతి చెప్పాలి," అంది. ఇన్నేళ్ళలో వదిన ఫీజు సంగతి ఎత్తకుండా ఒప్పుకున్న కేసు నాకు తెలిసి ఇదొక్కటే.

అనుమానితుడు పక్కా మిస్త్రీ. గోడలకి వస్తువులు బిగించడం అతని పని. నోరు తెరిస్తే 'పక్కా' అనడం అలవాటు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆ పొద్దున్న మాత్రం ఒక్కసారీ ఆ మాట అనలేదు. గోడ మీద పిల్లిలా, ఒకసారి ఇన్‌స్పెక్టర్ మొహం, ఒకసారి కూతురి మొహం చూస్తున్నాడు.

"నువ్వు ఏం బిగించావు మిస్త్రీ?" అంది వదిన.

"అలమరేనమ్మా."

"దేంతో బిగించావు?"

మిస్త్రీ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. "తాతగారే డబ్బాలోంచి తీసి ఇచ్చారమ్మా. ఏమిచ్చారో నేను పెద్దగా చూళ్ళేదు. ఇచ్చింది బిగించాను."

ఇన్‌స్పెక్టర్ సంతృప్తిగా గొంతు సవరించుకున్నాడు. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్‌లో వదిన కింద పనిచేసినవాడే. వదిన ఉద్యోగం మానేశాక ఆవిడ కుర్చీ ఆయనకి వచ్చింది. కుర్చీ వచ్చినా కోపం ఎందుకు పోలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

"విన్నారుగా మేడమ్," అంటూ ఆయన ఒక ప్లాస్టిక్ కవరు ఎత్తి చూపించాడు. అందులో నాలుగు చిన్న ప్లాస్టిక్ ప్లగ్గులు, నాలుగు సన్నటి స్క్రూలు ఉన్నాయి. "శిథిలాల్లో దొరికినవి ఇవే. ఫొటో ఫ్రేముకి వాడే సరుకు. పెద్దాయనకి చూపు తగ్గింది, డబ్బా మారిపోయింది. ఇతను చూసుకోకుండా బిగించాడు. పొరపాటు తప్ప నేరం లేదు. పెద్దాయన ఇచ్చాడని ఇతను రాసిస్తే ఇంటికి పంపించేస్తాను."

"పంపించండి. కానీ రెండు ప్రశ్నలు అడిగాక," అంది వదిన. మిస్త్రీ వైపు తిరిగి, పెళ్ళిచూపుల్లో అబ్బాయిని అడిగినంత నెమ్మదిగా మొదలుపెట్టింది. "నీ పని గురించి నాకేం తెలీదనుకో. ఇలాంటి గోడకి ఫొటో ఫ్రేము పెట్టాలంటే ఏం వాడతావు?"

"చిన్న ప్లగ్గు చాలమ్మా. మరీ తేలికైతే మేకు కూడా చాలు."

"కాస్త బరువున్న అద్దం?"

"లావు మరలున్న ప్లగ్గు ఉంటుంది. బోర్డుని తనే తొలుచుకుంటూ లోపలికి పోతుంది. కాస్త బరువు ఆపుతుంది." పని మాట వచ్చేసరికి మిస్త్రీ భుజాలు కొంచెం నిటారుగా అయ్యాయి.

"మరి నలభై కిలోలు?"

"అది వేరే లెక్కమ్మా. లోపల నిలువు కర్ర దొరికితే తిన్నగా కర్రలోకే స్క్రూ దింపాలి. దొరక్కపోతే రెక్కల బోల్టు. రెక్కలు మడిచి రంధ్రంలోంచి తోస్తే, గోడ వెనక్కి వెళ్ళాక అవి టప్‌మని విచ్చుకుంటాయి. బోల్టు బిగించే కొద్దీ రెక్కలు బోర్డుని వెనకనుంచి అదుముకుంటాయి. ఇక ఏనుగు లాగినా—"

"ఇక్కడ కర్ర లేదా?"

"ఆ పక్కా ఈ పక్కా ఉందమ్మా, మధ్యలో లేదు. తాతగారు కుర్చీకి సరిగ్గా పైనే కావాలన్నారు, చెయ్యి చాపితే రాయి అందాలని."

వదిన తల ఊపింది. "సరే. నువ్వు ఇక్కడ వేసిన రంధ్రంలో నీ చూపుడువేలు పట్టిందా?"

"ఎందుకు పట్టదమ్మా, పక్కాగా పట్టింది. వేలు పట్టకపోతే రెక్కలెలా—"

మిస్త్రీ నోరు అక్కడే ఆగిపోయింది. కూతురు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

"చిన్న ప్లగ్గుకి వేలు పట్టేంత రంధ్రం వెయ్యరు కదా, మిస్త్రీ," అంది వదిన, గొంతు పెంచకుండా.

అతను కూలబడ్డాడు. "రెక్కల బోల్టులేనమ్మా. నాలుగూ రెక్కలవే. తాతగారు ఒక్కొక్కటీ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి మరీ ఇచ్చారు. అలమరని రాళ్ళతో సహా ముందే కాటా మీద తూచి, వెనక చెక్క మీద సుద్దతో బరువు రాశారు. చివరి చుట్టు తనే తిప్పుతానన్నారు. తిప్పి, గోడకి చెవి ఆనించి విన్నారు. మరి శిథిలాల్లో ప్లగ్గులు దొరికాయంటే నాకేం చెప్పాలో తోచలేదు. పెళ్ళాం బిడ్డలున్నవాణ్ణి, సారు ఒడ్డున పడేస్తానన్నారు..."

పడిపోయిన అలమర గది మూల గోడకి ఆనించి ఉంది. నేను వెళ్ళి వెనక చెక్క ఫొటో తీశాను. సుద్ద గీతలు చెదరలేదు, ముప్పై ఎనిమిది కిలోలు అని ఉంది. జీవితమంతా ఇతరుల బరువులు సరిచూసిన మనిషి తన నెత్తిన పెట్టుకునేదాన్ని కూడా తూచే పెట్టుకున్నాడు. ఆ అంకెల ముందు నాకు ఎందుకో చెప్పులు విప్పాలనిపించింది.

ఇన్‌స్పెక్టర్ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. టార్చి వెలిగించి గోడ మీది నాలుగు రంధ్రాల్లో ఒకదానికి దగ్గరగా పెట్టాడు. "ఇది చూసి మాట్లాడండి మేడమ్. రంధ్రం చుట్టూ తెల్లటి లప్పం కనబడుతోంది. ముందు పెద్ద రంధ్రం వేశాడు, తప్పైందని లప్పంతో పూడ్చాడు, అందులోనే చిన్న ప్లగ్గు దిగ్గొట్టాడు. చేతకాని పని. దీనికి నేరస్తుడు ఎందుకు?"

నిజం చెప్పాలంటే నాకూ సబబుగానే అనిపించింది. నాలుగు రంధ్రాల అంచుల్లోనూ లప్పం ఉంగరంలా అంటుకుని ఉంది. మధ్యలో ప్లగ్గు ఊడి వచ్చిన చోటు చిట్లిపోయి ఉంది.

"లప్పం నేను పెట్టలేదు సారూ! నా సంచిలో లప్పమే ఉండదు!" అని మొత్తుకున్నాడు మిస్త్రీ.

"ఇంకోటి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అలమర పడ్డప్పుడు ఇంట్లో పెద్దాయన తప్ప ఎవరూ లేరు. ఈ అమ్మాయి కొట్లో ఉంది, పదిమంది చూశారు. ఈ ఇంట్లోనే ఉండే ఈమె మేనమామ ఆ రోజు పక్క ఊళ్ళో ఉన్నాడు, అక్కడా పదిమంది చూశారు. గాలి వచ్చి తోసిందా? పైగా ఈ గోడకి ఇది కొత్త కాదు. అడగండి, చెప్తుంది."

వదిన కూతురి వైపు చూసింది. ఆ అమ్మాయి పనిబల్ల మీద చెయ్యి వేసింది.

"అమ్మ కూడా ఇక్కడే పోయింది," అంది. "అప్పుడు నాకు పదేళ్ళు. నాన్నే ఈ గోడకి అలమర పెట్టాడు, ఇదే చోట. అదే రోజు ముందు గదిలో అమ్మమ్మ ఫొటో కూడా పెట్టాడు. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టుకుని పనిచేశాడట. వారం తిరక్కుండా అలమర పడింది. నాన్న కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది, ఏదో రాయి తుడుస్తోందట. శిథిలాల్లో చిన్న ప్లగ్గులు దొరికాయి. ఫొటోకి పెట్టాల్సినవి అలమరకి, అలమరకి పెట్టాల్సినవి ఫొటోకి పెట్టేశానని నాన్నకి ఒకటే బాధ. అప్పట్నుంచి ఈ గోడ మీద చెయ్యి వెయ్యలేదు. కొట్టు తాళాలు మామయ్యకిచ్చేసి, ఈ బల్ల ముందు తల వంచుకుని బతికాడు. ఇన్నేళ్ళకి నేనే బలవంతం చేశాను. కొట్టు ఇక నేను చూసుకుంటాను, నువ్వు మళ్ళీ నీ అలమర పెట్టుకో నాన్నా అన్నాను. తన చేతిమీద నమ్మకం లేదని మిస్త్రీని పిలిచాడు."

'మళ్ళీ నేనే' అన్న మాటలో ఎంత బరువుందో అప్పుడు నాకు తెలిసింది. దాన్ని తూచే రాయి ఆ ఇంట్లో లేదు.

"గోడే బాగాలేదు మేడమ్, ఇందులో మిస్టరీ ఏముంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కానీ గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"గోడ సంగతి గోడనే అడుగుదాం. మిస్త్రీ, అదిగో ఆ పక్కన ఒక రెక్కల బోల్టు, ఒక చిన్న ప్లగ్గు వెయ్యి. చూద్దాం," అంది వదిన.

డ్రిల్లు మిషను గుర్రుమంది. తెల్లటి పొడి రాలింది. మిస్త్రీ రెక్కలు మడిచి రంధ్రంలోకి తోశాడు. లోపల ఎక్కడో చీకట్లో టప్‌మని చిన్న చప్పుడు వినబడింది. కొక్కెం బిగించాక వదిన ఇరవై కిలోల ఇనప రాయిని మిస్త్రీ చేత దానికి తగిలించింది. అర అంగుళం మందం. రెండు కాగితాల మధ్య సుద్ద లాంటి పలక, గోరుతో గీస్తే గీరుకుపోయేది. ఆ పలక ఇరవై కిలోల ఇనుముని పట్టుకుని కిమ్మనకుండా నిలబడింది. కనబడని రెండు రెక్కలు వెనక నుంచి చేతులు చాచి పట్టుకున్నాయి. చిన్నప్పుడు మొదటిసారి అయస్కాంతం చూసినప్పుడు నోరు తెరుచుకుని ఎలా నిలబడ్డానో అలాగే నిలబడ్డాను.

చిన్న ప్లగ్గుకి పది కిలోల రాయి తగిలించారు. అది కూడా నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "చూశారా! మీ చిన్న ప్లగ్గు కూడా నిక్షేపంగా ఉంది. ఇక దీంతో ఏం రుజువు చేస్తారు?"

"ఏమీ లేదు. మీరు ఇందాక చెప్తున్నది పూర్తి చెయ్యండి. ఇంట్లో ఎవరూ లేరన్నారు," అంది వదిన, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"ఎవరూ లేరు. మనిషి లేకుండా హత్యాయత్నం ఎలా జరుగుతుంది? ఎవడైనా అలమరని లాగి పడెయ్యాలి, లేకపోతే తోసెయ్యాలి. మేడమ్, మీరు డిపార్ట్‌మెంట్ వదిలేశాక నవలలు ఎక్కువ చదువుతున్నట్టున్నారు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది మీ వరస. నేను చెప్పేదేమిటంటే..."

ధన్‌మని చప్పుడైంది.

ఇన్‌స్పెక్టర్ ఎగిరి గెంతాడు. పది కిలోల రాయి నేల మీద పడి ఉంది. పక్కనే, ప్లగ్గు తన చుట్టూ ఉన్న పొడితో సహా ఊడి వచ్చింది. ఇరవై కిలోల రాయి మాత్రం తన కొక్కేనికి అలాగే వేలాడుతోంది.

"ఇలా జరుగుతుంది. ప్లగ్గు వెంటనే పడిపోదు. సుద్దని కొంచెం కొంచెం నలిపేస్తూ జారుతుంది. తలుపు తెరిచినప్పుడల్లా ఇంకాస్త జారుతుంది. వల పన్నినవాడు పక్కన ఉండక్కర్లేదు. పక్క ఊళ్ళో కూర్చుని పదిమందికి కనబడుతూ ఉంటే చాలు," అంది వదిన.

ఆ 'పక్క ఊరు' అన్న మాట గదిలో ఎవరికి ఎలా తగిలిందో నేను చూళ్ళేదు. నేను ఇంకా రాయినే చూస్తున్నాను.

ఇన్‌స్పెక్టర్ చెమట తుడుచుకున్నాడు. "ఊహ బావుంది. రుజువేది? మొదట రెక్కల బోల్టులే ఉన్నాయనడానికి ఈ మిస్త్రీ మాట తప్ప ఏముంది? ఇతను పొద్దున ఒకటి చెప్పాడు, ఇప్పుడొకటి చెప్తున్నాడు."

వదిన మిస్త్రీని అడిగింది. "బిగించిన రెక్కల బోల్టుని తియ్యాలంటే?"

"బోల్టు మాత్రం ఊడి చేతిలోకి వస్తుందమ్మా. రెక్క రాదు. పట్టుకునేది ఏమీ ఉండదు కదా, వెనక్కి పడిపోతుంది."

"పడి ఎక్కడికి పోతుంది?"

మిస్త్రీ కళ్ళు పెద్దవయ్యాయి. "ఎక్కడికీ పోదమ్మా. అడుగున అడ్డకర్ర ఉంటుంది. దాని మీదే పడి ఉంటుంది. గోడ కూల్చేదాకా అక్కడే."

వదిన ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి కడుపు కూడా ఉంది. కోయిద్దాం."

"కొండని తవ్వి ఎలుకని పట్టడం మీకు అలవాటే. కానీ ఇల్లు వాళ్ళది. ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతి లేకుండా నేను గోడ కొయ్యనివ్వను," అన్నాడు ఆయన. వదిన ఆపేలోపే ఫోను తీసి మేనమామకి చేశాడు. మేనమామ ఆసుపత్రిలో బావగారి మంచం పక్కనే ఉన్నాడట. ఇన్‌స్పెక్టర్ పద్ధతిగా అంతా చెప్పాడు: ఎందుకు కోస్తున్నారు, ఎక్కడ కోస్తున్నారు, దేనికోసం వెతుకుతున్నారు. చెప్పి కాసేపు అవతలి మాట కోసం ఆగాడు. ఆ కాసేపు కొంచెం ఎక్కువసేపే అయింది.

"సరే అన్నాడు. పాపం, బాధలో ఉన్నాడు, మాట కూడా పెగల్లేదు," అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ.

వదిన మొహం చిట్లించింది.

మిస్త్రీ అలమర ఉన్నచోటికి సరిగ్గా కింద, నేలకి జానెడు ఎత్తులో గీత గీసి సన్నటి రంపంతో కోశాడు. పలక ముక్క తలుపులా ఊడి వచ్చింది. లోపలి నుంచి పాత గాలి వచ్చింది, తడి లేని సున్నం వాసనతో. వదిన టార్చి పట్టుకుని నేల మీద బోర్లా పడుకుంది. నేను ఆవిడ పక్కన కెమెరాతో పడుకున్నాను.

అంత సన్నటి గోడలో అంత చోటు ఉంటుందని నేను అనుకోలేదు. రెండు కర్రల మధ్య ఎత్తైన చీకటి గది. పైనెక్కడో అలమర రంధ్రాల్లోంచి నాలుగు వెలుగు చుక్కలు నక్షత్రాల్లా కనబడుతున్నాయి. ఈ ఇంట్లో వాళ్ళు తిన్నారు, పడుకున్నారు, ఏడ్చారు. ఇన్నేళ్ళూ గోడ మాత్రం తన చీకటి తను కాపాడుకుంటూ నిలబడింది. అడుగున అడ్డకర్ర మీద సుద్దపొడి పేరుకుని ఉంది. ఆ పొడి మీద, ఇప్పుడే రాలినట్టు, తళతళలాడుతూ నాలుగు రెక్కలు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నా భుజం మీదుగా తొంగి చూసి. ఆయన గొంతు పూర్తిగా మారిపోయింది. "క్షమించండి మేడమ్. మిస్త్రీ నిజమే చెప్పాడు. ఎవరో బోల్టులు విప్పేసి, రంధ్రాలు పూడ్చి, ప్లగ్గులు పెట్టారు."

మిస్త్రీ చేతులు జోడించి గోడకే దణ్ణం పెట్టాడు. వెనక కూతురి వెక్కిళ్ళు వినబడ్డాయి. నేను లేవబోయాను.

"ఉండండి," అంది వదిన. చెయ్యి లోపలికి పెట్టి, నాలుగు రెక్కల్నీ జాగ్రత్తగా బయట గుడ్డ మీద పెట్టింది. మళ్ళీ చెయ్యి పెట్టింది. ఈసారి పొడిలోపలికి, అడుగుదాకా వేళ్ళు దించి తడిమింది. ఆవిడ చెయ్యి ఒక్కసారి ఆగింది.

చెయ్యి బయటికి తీసి పిడికిలి విప్పింది. అరచేతిలో తుప్పు పట్టి గోధుమరంగుకి తిరిగిన రెక్క. పాత రకం, ఇప్పుడు దుకాణాల్లో దొరకనిది. మళ్ళీ చెయ్యి పెట్టింది. ఇంకోటి వచ్చింది. ఇంకోటి. ఇంకోటి.

కొత్తవి నాలుగు, పాతవి నాలుగు గుడ్డ మీద రెండు వరసల్లో ఉన్నాయి. నేను ఎన్నో నేరాల ఫొటోలు తీశాను. చెదిరిన ఫొటో ఆ ఒక్కటే.

కూతురు మోకాళ్ళ మీద కూర్చుని పాత రెక్కల్ని చూసింది. "ఇవి... ఇవి అప్పటివా?"

వదిన లేచి ముందు గదిలోకి వెళ్ళింది, మేమూ వెనకాలే వెళ్ళాం. అమ్మమ్మ ఫొటో ఇన్నేళ్ళుగా అదే గోడ మీద అలాగే ఉంది. దాన్ని దించి చూపించింది. వెనకాల గోడలో చిన్న ప్లాస్టిక్ ప్లగ్గు, రంగు పాలిపోయి, పెట్టినవాడు ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది.

"చూడమ్మా. ఫొటోకి ఫొటోదే పెట్టాడు, అలమరకి అలమరదే పెట్టాడు. మీ నాన్న డబ్బాలు మార్చలేదు. అప్పుడూ మార్చలేదు, ఇప్పుడూ మార్చలేదు. ఆయన చెయ్యి ఎన్నడూ తప్పలేదు."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది. "ఫొటో దించి చూస్తే సరిపోయేది. ఇన్నేళ్ళూ ఒక్కసారి దించి చూస్తే సరిపోయేది," అంది.

"చూడ్డానికి ధైర్యం ఉండాలి కదమ్మా. అందులో రెక్కల బోల్టు ఉంటుందేమోనని భయపడి ఉంటాడు," అంది వదిన. ఆవిడ గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. మళ్ళీ పనిబల్ల గదిలోకి వచ్చి మామూలు గొంతుతో అడిగింది. "అమ్మ పోయిన రోజు ఇక్కడ శిథిలాలు ఎవరు ఊడ్చారు?"

"మామయ్య. ఆ చిన్న ప్లగ్గులు ఏరి తెచ్చి నాన్న చేతిలో పెట్టింది కూడా మామయ్యే. 'చూసుకో బావా' అన్నాడట. అంతకంటే ఒక్క మాట అన్లేదు. నాన్నని ఎప్పుడూ తిట్టలేదు. అంత మంచివాడని అందరూ..." ఆ అమ్మాయి గొంతు నెమ్మదిగా ఆగిపోయింది.

"తర్వాత ఈ గోడకి మరమ్మతు చేసి రంగేసింది?"

"మామయ్యే."

"ఈసారి మిస్త్రీ బిగించి వెళ్ళాక, అలమర పడకముందు, ఇంట్లో ఒంటరిగా ఎవరైనా ఉన్నారా?"

"ఆ మర్నాడు నేనూ నాన్నా రాళ్ళకి ముద్ర వేయించడానికి తూనికల ఆఫీసుకి వెళ్ళాం. సాయంత్రందాకా అక్కడే ఉన్నాం. మామయ్య నడుం పట్టేసిందని ఇంట్లోనే పడుకున్నాడు." ఆమె మొహంలో రంగు పోయింది. "కానీ అమ్మ... అమ్మ ఆయన సొంత అక్క కదా! చేతుల మీద పెంచింది కదా! ఆయన అమ్మని ఎందుకు—"

"అమ్మని కాదు," అంది వదిన. "ఆ కుర్చీ ఎవరిది?"

అందరం కుర్చీనే చూశాం. వంకర చేతుల చెక్క కుర్చీ, ఒకే మనిషి ఏళ్ళ తరబడి కూర్చుని నున్నగా అరిగిపోయింది. ఆ ఒక్క రోజు ఆ మనిషి లేచి ఎటో వెళ్ళాడు. భార్య వచ్చి కూర్చుని రాయి తుడిచింది. తమ్ముడు కొట్టు మీద ఆశతో బావకోసం పన్నిన వలలో అక్క పడింది. ఆ పాపాన్ని తీసుకెళ్ళి బావ చేతిలోనే పెట్టాడు, చూసుకో అని. కొట్టు తాళాలు తీసుకుని, ఇన్నేళ్ళూ అదే ఇంట్లో, అదే పళ్ళెంలో తిన్నాడు. మొన్న తాళాలు మేనకోడలి చేతికి పోతాయని తెలిసినప్పుడు, అప్పుడు సగంలో ఆగిన పని మళ్ళీ మొదలుపెట్టాడు. అదే గోడకి, అదే పద్ధతిలో. ఒక మనిషి గుండెలో ఇంత చీకటి ఇన్నేళ్ళు చప్పుడు చెయ్యకుండా ఉండగలదా?

"లోపల రెక్క పడ్డ చప్పుడు వాడు వినే ఉంటాడు, నాలుగుసార్లు. గోడలో పడ్డది గోడలోనే ఉంటుందనుకున్నాడు," అంది వదిన. చటుక్కున ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. ఇన్నేళ్ళ మర్యాదలూ మర్చిపోయి పాత పిలుపులోకి దిగిపోయింది. "ఒరేయ్, నువ్వు ఇందాక ఫోన్లో వాడికి ఏమేం చెప్పావు?"

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఫోనున్న జేబు మీదికి వెళ్ళింది. అంతా చెప్పాడు. రెక్కలకోసం అని కూడా చెప్పాడు.

కూతురు అప్పటికే ఆసుపత్రికి ఫోను చేస్తోంది. స్పీకర్లో నర్సు గొంతు వినబడింది, తీరిగ్గా, సంతోషంగా. "మీరా అమ్మా, మంచి వార్త. మీ నాన్నగారు ఇందాకే కళ్ళు తెరిచారు. మిమ్మల్నే అడిగారు."

"నాన్న దగ్గర ఎవరున్నారు? మీరున్నారా?"

"నేను బయటే ఉన్నానమ్మా. మీ మామయ్యగారు తను చూసుకుంటానన్నారు. బావగారితో ఒంటరిగా మాట్లాడాలట. తలుపు గడియ పెట్టుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్‌లో అరుస్తూ వీధిలోకి పరిగెత్తాడు. వదిన అతని వెనకాలే పరిగెత్తింది. నేను కెమెరా వదిలేసి జీపు దగ్గరికి చేరేసరికి కూతురు మాకంటే ముందే ఎక్కి కూర్చుంది. ఆమె ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, "తలుపు బద్దలు కొట్టండి! ఎవరైనా తలుపు బద్దలు కొట్టండి!" అని అరుస్తోంది. రెండో పిడికిలి గట్టిగా బిగించి ఉంది. ఆ వేళ్ళ సందుల్లోంచి తుప్పు పట్టిన రెక్కల కొనలు కనబడుతున్నాయి.

ఫోన్లో అవతల ఎవరో తలుపు మీద బాదుతున్న చప్పుడు వినబడుతోంది. లోపలి నుంచి మాత్రం ఏ జవాబూ రావడం లేదు.